ఇంటికో నూలుపోగు

అనగనగా, మీ తాతల తాతలకు ఇంకా పాలపళ్ళయినా రాని రోజుల్లో, కుదురుమల అనే రాజ్యాన్ని ఉదయకేతుడనే రాజు ఏలేవాడు. రాజు అనగానే మీకు బంగారు కిరీటం గుర్తొస్తుంది కదూ? ఆ రాజ్యంలో కిరీటమనేదే లేదు. రాజు నెత్తిన ఉండేది తెల్లటి నూలు తలపాగా, అంతే! నవ్వకండి. దాని సంగతి మొత్తం విన్నాక, అప్పటికీ నవ్వొస్తే నవ్వుకోండి.

కుదురుమలలో ఒక ఆచారం ఉండేది. గద్దె ఎక్కబోయే రాజు రాజ్యంలో ఉన్న ప్రతి ఇంటికీ చెప్పుల్లేకుండా నడిచి వెళ్ళాలి. ఆ ఇంటివాళ్ళు తమ చేత్తో వడికిన నూలుపోగు ఒకటి ఇస్తారు. రాజు దాన్ని రెండు చేతులా అందుకుని, "నీ పేరేమిటమ్మా?" అనో "నీ పేరేమిటయ్యా?" అనో అడగాలి. చెప్పిన పేరు గుర్తుపెట్టుకోవాలి. ఏడువేల ఇళ్ళు, ఏడువేల పోగులు, ఏడువేల పేర్లు. ఆ పోగులన్నిటితో కోట పక్క వీధిలో ఉండే నేత అవ్వ నూకాలవ్వ తలపాగా నేసింది. అది చుట్టుకుని ఉదయకేతుడు వీధిలోకి వస్తే, దండం పెట్టమని ఎవరూ చెప్పక్కర్లేదు. చేతులు వాటంతటవే కలిసేవి. ముసలివాళ్ళకు కళ్ళు చెమర్చేవి. అందుకే దాన్ని మహిమపాగా అనేవారు.

రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రత్నకేతుడికి హంగూ ఆర్భాటం ప్రాణం. గుర్రానికి పట్టు జీను వేయించి, అది మాసిపోతుందని గుర్రాన్ని పరుగెత్తనిచ్చేవాడు కాదు. రెండోవాడు సింహకేతుడికి పొగడ్త కావాలి. ఇద్దరు వందిమాగధులు వాడి వెనకాలే బిరుదులు చదువుతూ తిరగాలి, స్నానానికి వెళ్ళినా సరే! మూడోవాడు పూర్ణకేతుడి గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. మాట నెమ్మది. తల్లి లేని పిల్లవాడు కనుక తండ్రి భుజాల మీదే పెరిగాడు. తండ్రి ఒక్కో గడప ముందు ఆగి, "ఇది కుమ్మరి వీరాసామి ఇల్లురా. అది గాజుల సుబ్బులు ఇల్లు," అని చెబుతూ నడుస్తుంటే, వాడు తలపాగా అంచు గుప్పెట్లో పట్టుకుని అలాగే నిద్రపోయేవాడు. ఆ నూలు వాసనే వాడికి నాన్న వాసన.

ఇలా ఉండగా ఒక ఏడు రాజుల సభ జరిగింది. చుట్టుపక్కల రాజులందరూ వజ్రాల కిరీటాలు పెట్టుకుని వచ్చారు. ఉదయకేతుడి తలపాగా చూసి పక్కనున్న రాజు, "ఏమయ్యా, తలకేమైనా దెబ్బ తగిలిందా, గుడ్డ కట్టుకున్నావు?" అన్నాడు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. అప్పుడు ఉదయకేతుడు కూడా నవ్వేశాడు కానీ, ఆ మాట లోపల ముల్లులా ఉండిపోయింది.

సరిగ్గా ఆ మర్నాడే ఒక నగల వర్తకుడు కోటకి వచ్చాడు. ఏడు వజ్రాలు పొదిగిన బంగారు కిరీటం బయటికి తీశాడు. "ఖరీదేమీ వద్దు మహారాజా. ఆ పాత గుడ్డ ఇటు ఇవ్వండి, ఇది తీసుకోండి," అన్నాడు. రాజు ఒక్క క్షణం ఆగాడు. ఆగాడు కానీ, ఇచ్చేశాడు. వర్తకుడు పాగాని చంకలో పెట్టుకుని చక్కా పోయాడు. వాడు వర్తకుడూ కాదు, పాడూ కాదు. ఏడు సముద్రాల అవతల తళుకుదీవిలో ఉండే తళుకునాథుడనే మాంత్రికుడు.

కిరీటం నెత్తికెక్కిన రోజు నుంచి రాజుకి ఒక్కొక్క పేరే మరపున పడసాగింది. ముందు కుమ్మరి వీరాసామి పేరు పోయింది. తరవాత గాజుల సుబ్బులు పేరు పోయింది. రాజు జనాన్ని మరిచిపోతుంటే, జనం కూడా రాజుని మరిచిపోసాగారు. వీధిలో వెళితే కిరీటాన్ని చూసేవారు కానీ, దాని కింద ఉన్న ముఖం ఎవరికీ ఆనేది కాదు. ఒకనాడు కోట వాకిట్లో కాపలావాడే అడ్డం నిలబడి, "ఎవరయ్యా నువ్వు? ఎక్కడికి?" అన్నాడు. ఆ సాయంత్రం పూర్ణకేతుడు తండ్రి వెనక నడుస్తూ చూశాడు. తండ్రికి నీడ పడటం లేదు.

పరుగున నూకాలవ్వ దగ్గరికి వెళ్ళాడు. అవ్వ మగ్గం ఆపి అంతా విన్నది.

"అది ఉత్త గుడ్డ కాదు నాయనా. ఏడువేల మంది నమ్మి చేతిలో పెట్టింది. దాన్ని అమ్ముకున్నాక మనిషి నిలవడు. వచ్చే పంటలో ఆఖరి పత్తికాయ పగిలేలోగా పాగా తిరిగి రాకపోతే, మీ నాయన ఎదురుగా కూర్చున్నా మీకు ఇక ఎన్నటికీ కనబడడు," అంది.

పెద్దవాడు రత్నకేతుడు బయల్దేరాడు. నూరు ఏనుగులు, వెయ్యి గుర్రాలు, వెండి పడవలు. మూడు నెలలయింది. రాలేదు. రెండోవాడు సింహకేతుడు బయల్దేరాడు. ముందు బాకాలు, వెనక బిరుదులు. ఇంకో మూడు నెలలయింది. వాడూ రాలేదు. చేలల్లో పత్తి మొగ్గ తొడిగింది. తండ్రి చేతులు పల్చబడి, వాటి వెనకనున్న గోడ కనిపిస్తోంది. ఇక పూర్ణకేతుడు ఉండలేకపోయాడు.

వాడు బయల్దేరిన రోజు నూకాలవ్వ మనవరాలు పైడమ్మ ఊరి చివర వరకూ వచ్చింది. చిన్నప్పుడు వాడితో కలిసి మగ్గం గుంటలో దాగుడుమూతలాడిన పిల్ల. బియ్యం మూట ఒకటి చేతికిచ్చి, కొంగు ముడిలోంచి నూలుపోగు తీసింది.

"చిన్నదొరా, చెయ్యి ఇలా పట్టండి. ఇది నేను వడికిన పోగు. మీ నాయనగారి పాగా నేసేనాటికి నేను పుట్టలేదు. అందుకని ఇది దాన్లో పడలేదు. దారిలో మీకు తోడుంటుంది."

పూర్ణకేతుడు రెండు చేతులూ చాచి, "నీ పేరేమిటమ్మా?" అన్నాడు.

పైడమ్మ పకపకా నవ్వింది. "నిన్నటిదాకా 'ఒసే పైడీ' అని జడ పట్టి లాగి, ఇవాళ పేరడుగుతారా?"

"పోగు ఇచ్చాక పేరు అడగాలి కదా. ఆచారం."

ఆ పిల్ల నవ్వు ఆపింది. "పైడమ్మ," అంది మెల్లగా. "గుర్తుంచుకోండి మరి." పోగుని వాడి ముంజేతికి కట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

పోగా పోగా ఒక ఈతచెట్టు వచ్చింది. దాని కింద గాలికి ఊడిపడిన గిజిగాడి గూడు, పక్కన కుయ్యోమొర్రోమంటూ గిజిగాడు. పూర్ణకేతుడు గూటిని జాగ్రత్తగా పైకెక్కించి మట్టకు కట్టాడు. కట్టి, అలవాటు కొద్దీ, "నీ పేరేమిటయ్యా?" అన్నాడు. "నా పేరు చిటుకు. నన్నెవరూ ఇంతవరకూ పేరడగలేదే! నేనూ నీతో వస్తాను," అని అది వాడి భుజమెక్కింది.

ఇంకా పోగా పోగా ఒక వాగు వచ్చింది. ఒడ్డున చీమలబారు దాటలేక తల్లడిల్లుతోంది. పూర్ణకేతుడు ఒక కొమ్మ విరిచి వంతెన వేశాడు. "నీ పేరేమిటమ్మా?" అని చీమల పెద్దనడిగాడు. "ఏనుగమ్మ," అంది అది, ఆవగింజంత మొహం గంభీరంగా పెట్టి. వాడు నవ్వలేదు. నవ్వలేదనే అది మురిసిపోయి, తన బలగమంతటితో వాడి ఉత్తరీయం మడతల్లోకి ఎక్కింది.

ఇంకా పోగా పోగా సముద్రం వచ్చింది. ఇసుకలో ఒక పెద్ద తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. పూర్ణకేతుడు దాన్ని తిరగేసి, "నీ పేరేమిటయ్యా?" అన్నాడు. "నా పేరా... తొం... ద... ర... య్య," అని చెప్పడానికి దానికి పూటంతా పట్టింది. కానీ నీళ్ళలో దిగిందంటే బాణమే! అందరినీ వీపు మీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది. ఉప్పు సముద్రం, చెరకురసం సముద్రం, కల్లు సముద్రం, నేతి సముద్రం, పెరుగు సముద్రం, పాల సముద్రం, మంచినీళ్ళ సముద్రం. కల్లు సముద్రంలో మాత్రం తొందరయ్య రెండు గుక్కలు ఎక్కువ మింగి ఉన్నచోటనే గుండ్రంగా తిరిగాడు. ఆ మాట మనం ఎవరికీ చెప్పొద్దు.

తళుకుదీవిలో అడుగు పెడితే కళ్ళు జిగేలుమన్నాయి. ఇళ్ళు బంగారం, గోడలు అద్దాలు. వీధుల నిండా మనుషులు, అందరూ నడుములు వంచి, తలలు దించి ఉన్నారు. దగ్గరికి వెళ్ళి చూస్తే మనుషులు కాదు, బంగారు బొమ్మలు. గంటకోసారి కీళ్ళు కిర్రుమంటుంటే ఇంకాస్త వంగుతున్నాయి. మేడ గుమ్మం దగ్గర కొత్తగా నిలబెట్టిన రెండు బొమ్మలున్నాయి. వాటి ముఖాలు చూడగానే పూర్ణకేతుడు పరుగున దగ్గరికి వెళ్ళాడు. అవి వాడి అన్నలవి. ఆ దీవిలో ఆశతోగాని, భయంతోగాని మాంత్రికుడి ముందు వంగినవాడు మళ్ళీ లేవడు. రత్నకేతుడు ఆ ధగధగలకి ఆశపడి వంగాడు. సింహకేతుడు వెయ్యి బిరుదుల వాడిని చూసి జంకి వంగాడు.

లోపల సింహాసనం మీద తళుకునాథుడు కూర్చున్నాడు. నగల బరువుకి లేచి నడవడమే కష్టం. పది వేళ్ళకీ ఇరవై ఉంగరాలు. వాటన్నిటి పైన, నెత్తిన, నాన్న తలపాగా! పూర్ణకేతుడు చేతులు జోడించాడు.

"నమస్కారం తాతగారూ."

వాడు దండం పెట్టింది వయసుకి. అందుకే మంత్రం పారలేదు, వాడు బొమ్మ కాలేదు. తళుకునాథుడు మాత్రం మండిపడ్డాడు.

"తాతగారా! నాకు వెయ్యి బిరుదులున్నాయి తెలుసా? ఎందుకొచ్చావు?"

"మా నాన్నగారి పాగా కోసం. అది లేక ఆయన కరిగిపోతున్నారు."

మాంత్రికుడు పాగాని తడుముకున్నాడు. వాడి ముఖంలో కోపంతో పాటు ఇంకేదో ఉంది. "నీ తండ్రి నెత్తిన ఇది వెలిగిపోయేది. నా కళ్ళతో చూశాను. నా నెత్తికెక్కాక ఉత్త చింకిగుడ్డ! నాకు వైభవం లేదా? మర్యాద లేదా? పూజ లేదా? మహిమ అంటే ఇంకేం కావాలి?" అని అరిచాడు. అరిచి, కాస్త ఆయాసపడి, "మూడు రోజులు నీకు గడువు. మొదటి రోజు నా మేడలో లేని వైభవం చూపించు. రెండో రోజు నేను అడక్కుండా వచ్చే మర్యాద చూపించు. మూడో రోజు నేను ఎరగని పూజ చూపించు. చూపిస్తే పాగా నీది, నీ అన్నలు నీవాళ్ళు. లేదా వాళ్ళ పక్కనే నీ బొమ్మ," అన్నాడు.

మొదటి రోజు పూర్ణకేతుడు దిగులుగా గుమ్మంలో కూర్చున్నాడు. ఇంత బంగారాన్ని మించిన వైభవం ఎక్కణ్ణుంచి తెస్తాడు? చిటుకు చెవిలో కిచకిచమంది. "ఈ దీవిలో మా మేనత్త గూడుంది. కాసేపు అడిగి తెచ్చుకుందాం పద."

పూర్ణకేతుడు గూటిని రెండు చేతులా పట్టుకుని సభలోకి వచ్చాడు. "తాతగారూ, ఒక్కసారి దీపాలన్నీ ఆర్పేయండి." ఆ మేడకి కిటికీలు ఎప్పుడో మూసేశాడు తళుకునాథుడు, సూర్యుడు తనతో పోటీ పడతాడేమోనని. దీపాలు ఆరగానే పట్టపగలే చీకటయింది. బంగారం లేదు, అద్దాలు లేవు, వజ్రాలు లేవు, ఏమీ లేవు. గూడొక్కటే లోపల్నుంచి మిణుకుమిణుకుమంటోంది. గిజిగాడు గూట్లో తడిమట్టి మెత్తి మిణుగురుల్ని అంటిస్తుంది కదా, ఆ వెలుగు. దాన్లో మూడు పిల్లలు నోళ్ళు తెరుచుకుని కనిపించాయి.

"పిల్లలు చీకటికి భయపడతారని పెట్టుకుంటాం," అంది చిటుకు మేనత్త, కాస్త సిగ్గుపడుతూ.

తళుకునాథుడు చాలాసేపు ఆ గూటి వంకే చూశాడు. "సరే. దీపాలు వెలిగించు," అన్నాడు చివరికి. ఓడిపోయానని అనలేదు కానీ, ఓడిపోయాడు.

రెండో రోజు పూర్ణకేతుడు ఏమీ ఆలోచించలేదు. ఆకలేసింది. పైడమ్మ ఇచ్చిన మూట విప్పి పెరట్లో అన్నం వండాడు. తొందరయ్య పెరుగు సముద్రానికి పోయి ముంత నిండా పెరుగు తెచ్చాడు. అన్నం కలిపాక వాడికి తోచింది. ఇంట్లో పెద్దాయన ఉండగా తను ముందు తినడమేమిటి? వెళ్ళి మాంత్రికుణ్ణి పిలిచాడు. కాళ్ళకు నీళ్ళిచ్చాడు, పీట వేశాడు, ఆకు పరిచి వడ్డించాడు.

తళుకునాథుడు వింతగా చూశాడు. బొమ్మలు వండవు. మంత్రంతో కడుపు నింపుకోవడమే తప్ప ఆకు ముందు కూర్చుని ఎన్నాళ్ళయిందో! తినబోతే ఉంగరాలు అడ్డొచ్చాయి. ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు. మొదటి ముద్ద తిన్నాడు. రెండో ముద్ద తిన్నాడు. మూడో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"ఎవడు చెప్పాడు నీకు ఇలా చెయ్యమని?"

"ఎవరూ చెప్పలేదు తాతగారూ. పెద్దవాళ్ళు తిన్నాకే కదా చిన్నవాళ్ళు తినేది."

"ఉప్పెక్కువైంది," అని ముఖం తిప్పుకున్నాడు మాంత్రికుడు. ఉప్పు ఎక్కువ కాలేదు. ఆకులో ఒక్క మెతుకు మిగల్లేదు కూడా.

ఆ సాయంత్రం తళుకునాథుడికి భయం పట్టుకుంది. రెండు పోయాయి. మూడోది కూడా పోతే? కుదురుమల వైపు నుంచి వచ్చిన గాలిలో ఎక్కణ్ణుంచో పత్తి నూగు ఒకటి ఎగిరొచ్చి పూర్ణకేతుడి చేతి మీద వాలింది. వాడికీ భయం పట్టుకుంది. పత్తి పగలడం మొదలైంది. మాంత్రికుడి గడువు ఇంకా ఒక రోజుంది.

మూడో రోజు తెల్లవారుతూనే గోడల లోపల్నుంచి ఒక గొంతు వినిపించింది. "జయము, జయము! భువనభూషణా, తేజోరాశీ, సర్వజనపూజితా..." ఆగకుండా సాగుతోంది. ఏనుగమ్మ తన బలగంతో గోడ పగుళ్ళలోకి దూరింది. కాసేపటికి తిరిగొచ్చి చెప్పింది.

"ఏడు గదుల లోపల బంగారు పంజరం, దాన్లో ముసలి చిలక. పొద్దున్నే వాడి వెయ్యి బిరుదులు చదువుతుంది. ఒక్కటి మరిచిపోతే వాడి గుండె ఒకసారి తడబడుతుంది. నాయనా, వాడి ప్రాణం ఆ చిలకలో ఉంది."

ఏడు గదులకీ తాళాలు లేవు. తలెత్తి చూసేవాళ్ళే లేని ఇంట్లో తాళాలెందుకు? పూర్ణకేతుడు పరుగున వెళ్ళి పంజరం తలుపు తీసి చిలకను పట్టుకున్నాడు. ఈకలు రాలిపోయి, గొంతు బొంగురుపోయి, పిడికెడు కూడా లేదది.

"ఇంకా చూస్తావేం? మెడ నులిమెయ్!" అంది చిటుకు. "మీ నాన్న బతుకుతాడు. అన్నలు లేస్తారు. ఒక్క నిమిషం పని!"

నిజంగా ఒక్క నిమిషం పనే. పూర్ణకేతుడి వేళ్ళు చిలక మెడ చుట్టూ ఉన్నాయి. నాన్న చేతుల్లోంచి గోడ కనిపించడం గుర్తొచ్చింది. వేళ్ళు బిగిశాయి. చిలక గుండె వాడి అరచేతిలో టకటకా కొట్టుకుంటోంది. అప్పుడు వాడికి తన ముంజేతి మీదున్న నూలుపోగు కనిపించింది. గుర్తుంచుకోండి మరి, అన్న పైడమ్మ గొంతు వినిపించింది. వేళ్ళు వదులయ్యాయి.

"నీ పేరేమిటమ్మా?" అన్నాడు.

చిలక బిరుదులు ఆపేసింది. వెయ్యి పేర్లు చదివిన గొంతుకి తన పేరు దొరకలేదు. చాలాసేపు వెతుక్కుంది.

"ముద్దులు," అంది చివరికి. "ఆవిడ నన్ను ముద్దులూ అని పిలిచేది."

"ఎవరు ముద్దులూ? ఈ బిరుదులు రాకముందు నీకేం మాటలొచ్చు?"

అప్పుడే తలుపు దగ్గర గలగలమంది. బిరుదులు ఆగిపోవడంతో గుండె పట్టుకుని తళుకునాథుడు వచ్చాడు, చేతిలో కత్తితో. "మాట్లాడకు! చిలకా, ఆ ఒక్క మాట మాట్లాడకు!" అని అరిచాడు.

కానీ పేరు పెట్టి అడిగితే చెప్పకుండా ఉండలేకపోయింది ముద్దులు. కళ్ళు మూసుకుని, తనది కాని గొంతుతో, ఎప్పుడో ఒక పూరింటి వాకిట్లో నిలబడి సాయంత్రం వేళ పొలం వైపు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసిన ఒక అమ్మ గొంతుతో పిలిచింది.

"గురవా! పొద్దు వాలిందిరా. బువ్వకి రా నాయనా!"

కత్తి కింద పడింది. తళుకునాథుడు నేల మీద కూలబడ్డాడు. మెడలోని హారాలు తెగి గదంతా దొర్లాయి. బంగారమంతా రాలిపోయాక అక్కడ కూర్చున్నది పశువుల కాపరి గురవయ్య, బక్కచిక్కిన ముసలాయన. పసిపిల్లవాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఊళ్ళో అందరూ నన్ను ఎక్కిరించేవాళ్ళు నాయనా. మా అమ్మొక్కతే ఆ పేరు పెట్టి ప్రేమగా పిలిచేది. ఆవిడ పోయాక పిలిచేవాళ్ళు లేరు. వెయ్యి బిరుదులు పెట్టుకున్నాను. అందర్నీ వంచాను. నా ప్రాణం మాత్రం ఈ చిలకలో దాచాను. ఎందుకంటే మా అమ్మ గొంతు దీన్లోనే ఉంది. మళ్ళీ ఆ పిలుపు వింటే తట్టుకోలేనని దీని నోరూ నేనే మూశాను," అన్నాడు.

పూర్ణకేతుడు పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాడు. గురవయ్య ఏడుపు తగ్గాక నెత్తి మీంచి తలపాగా విప్పాడు. మడతపెట్టి, "పేరు పెట్టి పిలవడమే పూజని ఇన్నాళ్ళూ ఎరగను," అంటూ రెండు చేతులా చాచాడు.

"నీ పేరేమిటి నాయనా?" అన్నాడు.

"పూర్ణకేతుడు, తాతయ్యా."

బయట వీధుల్లో వేల నడుములు ఒక్కసారి నిటారయ్యాయి. "అబ్బా, నా నడుం!" అన్న మొదటి గొంతు రత్నకేతుడిది. "నాది ముందు చూడండిరా!" అన్నది సింహకేతుడిది.

అన్నల్నీ, గురవయ్యనీ, ముద్దుల్నీ కూడా వీపు మీద ఎక్కించుకుని తొందరయ్య ఈసారి కల్లు సముద్రంలో నోరు గట్టిగా మూసుకుని ఈదాడు. కుదురుమల చేరేసరికి సగం చేలు తెల్లబడ్డాయి. కోటలో కిరీటం ఒక్కటే గాలిలో ఆగినట్టు కనిపిస్తోంది. పూర్ణకేతుడు తడుముకుంటూ వెళ్ళి కిరీటం తీసి పడేసి, తండ్రి నెత్తిన పాగా చుట్టాడు.

ఏమీ కాలేదు. ఉత్త గుడ్డే!

పూర్ణకేతుడు తండ్రి ముఖం ఉన్నచోట చేతులు పెట్టి, "నాన్నగారూ, ఇందులో ఈ పోగు ఎవరిది? చెప్పండి, ఒక్కటి చెప్పండి!" అన్నాడు.

"నాకు గుర్తులేదురా," అంది గాలిలోంచి ఒక సన్నని గొంతు. ఆ గొంతులో ఏడుపుంది. "ఒక్క పేరూ గుర్తులేదు. వాళ్ళ ముఖం నేనెలా చూస్తాను?"

"మళ్ళీ అడుగుదాం పదండి. నేనున్నాను కదా."

తండ్రి చెప్పులు విడిచాడు. కొడుకు చెయ్యి పట్టుకుని మొదటి గడప ముందు నిలబడ్డాడు. అది నూకాలవ్వ ఇల్లు. అవ్వ చూపుకి పూర్ణకేతుడు తప్ప ఎవరూ ఆనలేదు, కానీ రెండు జతల అడుగులు వినబడ్డాయి. "ఎవరు నాయనా, నీతో ఇంత ఎండలో వచ్చారు? ఉండండి, మజ్జిగ తెస్తాను," అంది. మహారాజు ఆమె కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు.

"అవ్వా, నువ్విచ్చిన పోగుని నేను అమ్ముకున్నాను. నీ పేరు కూడా పోగొట్టుకున్నాను. మళ్ళీ ఒక్కసారి చెప్పు తల్లీ. నీ పేరేమిటి?"

అవ్వ మజ్జిగ ముంత పక్కన పెట్టింది. "నూకాలు," అంది. "నా పేరు నూకాలయ్యా, ఉదయకేతూ."

వాకిట్లో సన్నగా ఒక నీడ పడింది. గడప గడపకీ వెళ్ళారు. కొందరు మజ్జిగిచ్చారు, కొందరు నాలుగు చివాట్లు పెట్టారు. గాజుల సుబ్బులు గంటసేపు తిట్టింది. మహారాజు అన్నీ విన్నాడు. ఆఖరి పత్తికాయ పగిలేనాటికి ఏడువేల పేర్లూ పూర్తయ్యాయి. కుమ్మరి వీరాసామి చేతులు వాటంతటవే కలిశాయి. ఎదురుగా నిలబడ్డ ఉదయకేతుడి చేతులు కూడా అప్పటికే కలిసి ఉన్నాయి. పాగా ఎంత వెలిగిందో ఆ రోజు చూసినవాళ్ళు చెప్పుకుని చెప్పుకుని మురిసిపోయారు. పూర్ణకేతుడు మాత్రం ఆ వెలుగు చూడలేదు. తండ్రి భుజంలో ముఖం దాచుకుని నూలు వాసన పీలుస్తున్నాడు.

కొన్నాళ్ళకి ఉదయకేతుడు, "గద్దె ఎవరికి?" అన్నాడు. అన్నలిద్దరూ నడుములు పట్టుకుని, "తమ్ముడికే," అన్నారు. పూర్ణకేతుడు చెప్పుల్లేకుండా ఊరూరా తిరిగి పోగులు తెచ్చాడు. కొత్త పాగాలో మొదటి పోగు తన ముంజేతి మీద ఉన్నదే. అది విప్పి నూకాలవ్వకి ఇస్తూ పైడమ్మ వైపు చూశాడు.

"పేరు గుర్తుందా?" అంది ఆ పిల్ల.

"ఏడు సముద్రాలు దాటినా మరవలేదు. ఇక జీవితమంతా పిలుచుకోవచ్చా?"

ఆకాశమంత పందిరి, భూదేవంత అరుగు వేసి పెళ్ళి చేశారు. గిజిగాళ్ళు పందిరి అల్లాయి. చీమలు పంచదార దగ్గర కాపలా ఉన్నాయి, ఎవరు పెట్టారో గాని! తొందరయ్య వచ్చేసరికి మూడో రోజు భోజనాలు కూడా అయిపోయాయి. పూర్ణకేతుడూ పైడమ్మా ఏ ఇంటి పేరూ మరవకుండా, చాలా చాలా ఏళ్ళు చల్లగా ఏలారు.

గురవయ్య నూకాలవ్వ ఇంటి పక్కనే చిన్న పాక వేసుకుని ఊరి పశువుల్ని కాసేవాడు. అతనికి ఒక్క బిరుదూ లేదు. రోజూ పొద్దు వాలేవేళకి పాక చూరులోంచి ముద్దులు పిలిచేది. "గురవా! బువ్వకి రా నాయనా!" ఎంత దూరంలో ఉన్నా ఆ ముసలాయన పరుగెత్తుకుంటూ వచ్చేసేవాడు.

అదిగో, విన్నారా? మీ అమ్మలు కూడా పేరుపేరునా పిలుస్తున్నారు. లేవండి, పరుగెత్తండి. కథ ఎక్కడికీ పోదు, అన్నం చల్లారిపోతుంది.